విరిగిన చేత్తో నేసిన చీర

"చీర మడత నువ్వే పెట్టు పుష్పా, నాకు చెయ్యి లాగుతాండాది" అన్నాడు మా ఆయన, వేళాంగణికి బస్సెక్కే రోజు పొద్దున. పెట్టాను. అంచు మీద అంచు కలిపి, కొంగు పైకి కనిపించేలా, మధ్యలో తెల్ల కాగితం వేసి. మడత పెట్టడానికే లాగే చెయ్యి నెల రోజులు మగ్గంలో నాడె అటూ ఇటూ ఎలా విసిరిందని ఎవరైనా అడుగుతారేమో అనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఆ చీర నేసింది నేను. పోయిన ఏడాది పెనుకొండ దగ్గర బండి మీద నుంచి పడి మా ఆయన ఎర్రిస్వామి కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది. హిందూపురం ఆసుపత్రిలో ప్లేట్లు వేశారు. చెయ్యి బాగైతే పట్టుచీర పెడతానని మా అత్త సిద్దమ్మ వేళాంగణి మాతకు మొక్కుకుంది. ఆమె ముదిగుబ్బ పక్క పల్లెలో గొర్రెలు కాచుకుని బతికిన మనిషి. ఏ దేవుడైనా ఆమెకు దేవుడే, మొక్కంటే మాత్రం ప్రాణం. మొక్కు ఆమెది, చెయ్యి ఆయనది, పని నాది. పొద్దున ఆయనకు నీళ్లు పోసి, అన్నం కలిపి తినిపించి, అప్పుడు మగ్గం గుంతలోకి దిగేదాన్ని. ఫోను పట్టుకోగలిగిన చెయ్యి ముద్ద మాత్రం పట్టుకోలేకపోయేది.

పెళ్లయి పంతొమ్మిదేళ్లు. నేత మా పుట్టింట్లో నేర్చుకున్నాను. ఆయన చేసేదల్లా నేసిన చీరలు సంచిలో పెట్టుకుని షాపులకు తీసుకుపోవడం. ధర్మవరంలో మాత్రం అవి ఎర్రిస్వామి చీరలు. మగ్గం చప్పుడు వీధికి వినిపిస్తుంది, గుంతలో ఎవరు కూర్చున్నారో కనిపించదు. ఒకసారి, ఒకే ఒక్కసారి, నేనే నేశానని షాపులో ఒక మాట చెప్పకూడదా అని అడిగాను. నవ్వాడు. "ఇంట్లో పనికి పేరేంది పుష్పా? సంగటి కెలికితే ఎవరైనా పేరు రాస్తారా?" ఆ నవ్వు నాకిప్పటికీ ఒళ్లు మండిస్తుంది.

ఈ మొక్కు చీర మగ్గం మీద ఉండగా ఒక షాపు యజమాని చూడటానికొచ్చాడు. విరిగిన చేత్తో తనే నేస్తున్నానని, అంతా అమ్మ మహిమ అని ఆయనకు చెప్పాడు మా ఆయన. ఆ మాట ఊరంతా పాకింది. ఇక వెనక్కి తీసుకోలేదు. బస్సులో సగం మంది ఆయన చుట్టాలు, సగం మంది షాపుల వాళ్లు. పెనుకొండ రాగానే పడిన చోటు వేలు పెట్టి చూపించాడు. బెంగళూరు దాటేసరికి అమ్మ కలలోకి కూడా వచ్చేసింది. మా అత్త కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగి, "సూడు మే, నా కొడుకు ఆ చేత్తోనే నేసినాడు. నువ్వు కండెలకు పట్టు చుట్టిచ్చినా నీకూ పుణ్యమే" అంది. ఆమె తప్పు లేదు. పల్లెలో ఉండే మనిషికి కొడుకు చెప్పిందే తెలుసు.

అంత పెద్ద తెల్లటి గుడిని నేనెప్పుడూ చూడలేదు. లోపల రంగు అద్దాల్లోంచి పడిన వెలుగు మా అత్త నెరిసిన జుట్టు మీద నీలంగా, ఎర్రగా కదులుతోంది. పీఠం మీద బిడ్డనెత్తుకుని అమ్మ. నేను ముందు ఆమె ముఖం చూడలేదు, చీర చూశాను. కుచ్చిళ్ల కింద అంచు ఎక్కడ దాగిందో వెతికాను. కానుకలు పెట్టిన చోట వెండి చేతులు, కాళ్లు, కళ్లు, ఉయ్యాలలు వరుసగా ఉన్నాయి. కొన్నింటి పక్కన ఇచ్చినవాళ్ల ఉత్తరాలు. అంత ముద్దుగా వేళ్లు తీర్చిన వెండి చేతిని ఎవరు చేశారో ఎంత వెతికినా కనిపించలేదు. మోకాళ్ల మీద కూర్చుని, అమ్మా, ఈయన నోరు ఈయన మెడకే చుట్టుకోవాలి అని మొక్కుకున్నాను. ఆమె ఎదుట అలా కోరుకున్నందుకు నాకేమీ సిగ్గు వేయలేదు.

తెలుగు పూజ అయ్యాక ఒక సిస్టర్ మా బస్సు వాళ్లందరినీ కూర్చోబెట్టి, మేలు పొందినవాళ్లు సాక్ష్యం చెప్పమంది. మా ఆయన లేచాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి కుట్లు చూపించాడు. చీర విప్పి, ఒక్కో పోగూ ఈ చేత్తోనే అన్నాడు. సిస్టర్ నా వైపు తిరిగింది. "మీరు కళ్లారా చూశారా అమ్మా?"

ఆయన నన్ను చూసి తల ఊపాడు. నేను లేచేలోగా నిజం నాలుక మీదికి వచ్చింది. చెబితే ఏమవుతుందో కూడా తెలిసింది. ఆయన నవ్వుతాడు, ప్రయాణంలో అలిసిపోయింది అంటాడు. మా అత్త నెత్తి కొట్టుకుంటుంది. మొగుడి పుణ్యాన్ని దేవత ముందు చెడగొట్టిన ఆడదిగా నేను తిరిగి బస్సెక్కుతాను. వద్దు. అది నాకు చాలదు.

"చూసినా సిస్టర్. చెయ్యి పూర్తిగా బాగైంది" అన్నాను. "ఇంకో మాట చెప్పడం ఆయన మర్చిపోయినాడు. బతికినన్నాళ్లూ ఏటా ఒక చీర తన చేత్తోనే నేసి అమ్మకు తెస్తానని మొక్కుకున్నాడు. దానికి ఇంకొకరి చెయ్యి తగలకూడదంట. పడుగు పోగులు అచ్చుకు అతికేది, కండె చుట్టేది అంతా ఆయనే. నేను ఆ మగ్గాన్నే ముట్టకూడదు."

అందరూ చేతులు జోడించారు. మగ్గం చూడటానికొచ్చిన ఆ షాపు యజమాని ముందుకొచ్చి మా ఆయన భుజం తట్టాడు. ఆయన మడిచిన చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. మా అత్త కొడుకు విరిగిన చేతిని పట్టుకుని, "మొక్కు తప్పితే ఈ చెయ్యే పోతాది నాయనా. నేనొచ్చి మగ్గం కాడ కూచుంటా. ఎవర్నీ ముట్టనీను" అంది. వచ్చే సెప్టెంబరు పండక్కే చీర తెమ్మని సిస్టర్ ఆయన్ను దీవించింది. నేను కూడా కళ్లకద్దుకున్నాను.

అత్త పల్లెకు పోలేదు. బస్సు దిగి నేరుగా మా ఇంటికే సంచి తెచ్చుకుంది. మాకున్నది ఒకటే మగ్గం, అది ఇప్పుడు మొక్కు మగ్గం. మగ్గాల షెడ్డు నడిపే వెంకటలక్ష్మమ్మ దగ్గర ఒక మగ్గం ఖాళీ ఉంటే నేను అడిగాను. అక్కడ ఎవరు నేసిన చీరకు వాళ్ల పేరుతో చీటీ కడతారు. సోమవారం నుంచి రమ్మంది.

సోమవారం పొద్దున క్యారియరు కట్టుకుంటుంటే గుంతలోంచి మా ఆయన మెల్లగా పిలిచాడు. కాలు ఎప్పుడు తొక్కాలో, చెయ్యి ఎప్పుడు ఆడించాలో తెలియక పడుగు సగం తెంపుకున్నాడు. పోగులు వేళ్లకు చుట్టుకుని ఉన్నాయి. అత్త పెరట్లో ముఖం కడుక్కుంటోంది.

"పుష్పా, ఆమె వచ్చేలోగా ఒక్కసారి దిగి అతికియ్యి. నీకు దండం పెడతా" అన్నాడు.

పంతొమ్మిదేళ్లలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదటిసారి. కాసేపు నిలబడి తనివితీరా చూశాను. తర్వాత పెరటి వైపు తిరిగి, "అత్తా, తొందరగా రా, నీ కొడుకు నన్ను మగ్గం ముట్టమంటాండాడు" అని గట్టిగా పిలిచాను.