పెద్దమ్మాయి ప్రార్థన

శుక్రవారంలోగా బడివాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి. ఇంటి దగ్గర చదువుకునే పిల్లల్ని ఆ బడిలో ఏడో తరగతిలో మాత్రమే చేర్చుకుంటారు. ఆ తరగతి దాటితే ఇక ఎంత బతిమాలినా సీటు రాదు. పెద్దమ్మాయికి సీటు ఉందని హెడ్మిస్ట్రెస్ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. "ఆలోచించుకుని చెప్తానండీ" అని అమ్మ ఫోన్ పెట్టేసింది. ఆలోచించడానికేమీ లేదని ఆమెకు అప్పుడే తెలుసు. వద్దని మొహం మీద చెప్పలేక కాస్త గడువు తీసుకుంది, అంతే.

ఇద్దరు పిల్లలకూ ఇంట్లోనే చదువు చెప్పడం ఆమె పట్టుదల. ఆ పట్టుదలకు చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు. "పిల్లల్ని పెట్టెలో పెట్టి పెంచుతావా ఏంటి?" అని ఆడపడుచు అడగనే అడిగింది. ఆమె నవ్వి ఊరుకుంది. ఎవరేమన్నా నవ్వి ఊరుకోవడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. తను చదువుకున్న బడిలో మాత్రం ఆ విద్యకు మార్కులుండేవి కావు. "నోట్లో నాలుక లేదా?" అని టీచర్లు లేపి నిలబెట్టేవారు. అన్నం బెల్లు కొట్టగానే లేచే గోలకు చెవులు మూసుకునేది. ఒక గది, దానికో తలుపు, నాలుగు పుస్తకాలు ఎవరైనా ఇస్తే జన్మంతా రుణపడి ఉండేదాన్ని కదా అని అప్పట్లో అనుకునేది. ఎవరూ ఇవ్వలేదు. తన కూతురికి తను ఇచ్చింది, అదే ఆమె గర్వం.

ఇల్లు మూడో అంతస్తులో. ముందు గదిలో వంటగట్టును ఆనుకుని ఒక బల్ల, దాని మీద పూలు చెరిగిపోయిన రెక్సిను గుడ్డ. పొద్దున్నే ఆ బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వాక్యం ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత అదే బల్ల బడి అవుతుంది. చిన్నది అక్కడ కూర్చుంటుంది. దానికి అక్షరం రాయాలన్నా పాట కావాలి, కూడిక చెయ్యాలన్నా కథ కావాలి, పెన్సిలు చెక్కుకోవాలన్నా పక్కన ఒక మనిషి కావాలి. పెద్దమ్మాయికి ఇవేవీ అక్కర్లేదు. అది తన పుస్తకాలు తీసుకుని వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. కుట్టు మిషను పక్కన దాని కుర్చీ, ఎదురుగా ఒక కిటికీ. పని పూర్తిచేసి తెచ్చి చూపిస్తే అమ్మ ఎర్ర పెన్సిలుతో టిక్కులు పెట్టి "బాగుంది" అంటుంది. అది తల ఊపి వెళ్లిపోతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఇంట్లో ఒక గంట ఎవరూ మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టింది ఆమే. ఆ గంట లేకపోతే సాయంత్రానికి తన బుర్ర పనిచెయ్యదని ఆమెకు బాగా తెలుసు.

నాన్న లిఫ్టు మెకానిక్. మాటల పుట్ట. మనిషి స్వభావం తెలియాలంటే లిఫ్టులో ఇరికించి చూడాలన్నది ఆయన సిద్ధాంతం. ఇరుక్కోగానే కొందరు అరుస్తారు, కొందరు దేవుణ్ని తలుచుకుంటారు, కొందరు దువ్వెన తీసి తల దువ్వుకుంటారు అని రోజూ భోజనాల దగ్గర లెక్చరు ఇచ్చేవాడు. "మీ అమ్మ ఇరుక్కుందనుకో, ఆ సంగతి ఎవరికీ చెప్పదు. చేతిలో పుస్తకం ఉందా, మేం వెళ్లి తలుపు తీసినా బయటికి రాదు" అనేవాడు. చిన్నది పొర్లిపొర్లి నవ్వేది. ఆ ఇంట్లో ఉన్నవి రెండు పార్టీలని పేర్లు పెట్టింది కూడా ఆయనే. ఆయనా చిన్నదీ గోల పార్టీ, అమ్మా పెద్దమ్మాయీ మౌన పార్టీ. పెద్దమ్మాయిని 'మునిగారూ' అని పిలిచేవాడు. ముని చిన్నగా నవ్వి అమ్మ వైపు జరిగి కూర్చునేది.

అచ్చం నా పోలికే అని అమ్మ మురిసిపోయేది. అందరితోనూ అనేది కూడా. మాటలు పొదుపుగా వాడే మనిషి ఆ ఒక్క మాట దగ్గర మాత్రం దుబారా చేసేది.

ముఖ్యంగా ప్రార్థన మందిరంలో. అక్కడ జనం గట్టిగా ప్రార్థిస్తారు, చేతులెత్తుతారు, ఏడుస్తారు. ఆమె వెనక వరసలో గోడకానుకుని కూర్చుంటుంది. ఆమె భక్తి ఆమె లోపలే ఉంటుంది, పైకి కనపడదు. కనపడదు కాబట్టి లేదనుకుంటారేమోనని లోలోపల ఒక బాధ. అందుకని ఒకసారి పక్కన కూర్చున్న పెద్దావిడతో, "మా పెద్దది రోజూ తలుపేసుకుని దేవుడితో మాట్లాడుకుంటుందండీ. ఎవరూ చెప్పకుండానే" అంది. నిజమే. చిన్నదానికి పాఠం చెబుతుంటే వెనకగదిలోంచి సన్నగా గొణుగుడు వినిపించేది. మాటలు తెలిసేవి కావు. ఒకసారి తొంగిచూసి ఎవరితోనని అడిగితే, దేవుడితో అంది పిల్ల. అమ్మ ఇంకేమీ అడగలేదు, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది. ఆ మాట విన్న పెద్దావిడ అందరికీ చెప్పింది. ఆ వారమంతా అమ్మ కాళ్లు నేల మీద ఆనలేదు.

అలాంటి పిల్లను తీసుకెళ్లి ఆ గోలలో పడేస్తుందా? నాన్ననడిగితే, "దాని సంగతి నీకే తెలుసు. నీ పార్టీ మనిషి" అని చేతులు దులుపుకున్నాడు.

బుధవారం చిన్నదానికి ఒళ్లు వెచ్చబడింది. మందు వేస్తే మత్తుగా పడుకుంది. ఇల్లు ఒక్కసారిగా చప్పబడిపోయింది. అమ్మ ఇస్త్రీ బట్టలు తీసుకుని వెనకగది పక్కనున్న బీరువా దగ్గరికి వెళ్లింది. లోపల గొణుగుడు మొదలైంది. ఇవాళ పక్కన చిన్నది లేదు కాబట్టి ప్రతి మాటా స్పష్టంగా వినపడుతోంది. చాటుగా వినడం తప్పేనని ఆమెకు తెలుసు. కాసేపు విని, ఆ ఆనందం గుండెల్లో పెట్టుకుని వెళ్లిపోదామనుకుంది.

"అప్పుడు ఆవిడ ఏం చేసిందో తెలుసా? లిఫ్టు ఆగిపోగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుందంట. పరిగెత్తడానికి! లిఫ్టులో ఎటు పరిగెడుతుంది, నువ్వే చెప్పు."

కాస్త విరామం.

"నవ్వు రాలేదా? నాన్న చెప్తే ఇంకా బాగుంటుందిలే. ఉండు, మళ్లీ చెప్తా. ఈసారి నవ్వాలి."

మళ్లీ మొదటినుంచీ చెప్పింది. ఈసారి ఆవిడ గొంతు కూడా పెట్టి చెప్పింది. బయట నుంచున్న అమ్మకు ముందు కోపం వచ్చింది. దేవుడితో మాట్లాడే మాటలా ఇవి? ఒక స్తుతి లేదు, ఒక కోరిక లేదు, పొరుగింటావిడతో కబుర్లాడుకున్నట్టు.

"ఎదురింటివాళ్లు ఇవాళ కూడా అదే దుప్పటి ఆరేశారు. ఎవరో పక్క తడుపుతున్నారు. నాకు అనుమానం ఆ మీసాలాయన మీదే. ఎవరితోనూ అనకు." కుర్చీ కిర్రుమంది. "దశాంశాలు అయిపోయాయి. మొత్తం చేసేశా. అమ్మ బాగుంది అంటుంది. తర్వాత ఏమీ అనదు. నాకిక్కడ ఎంత విసుగ్గా ఉందో తెలుసా? నీకూ విసుగ్గానే ఉండుంటుంది, రోజూ నేనొక్కదాన్నే. పోనీ ఇవాళ నువ్వేమైనా చెప్పు."

గదిలో చప్పుడు లేదు. చాలాసేపు లేదు. పిల్ల నిజంగానే జవాబు కోసం ఆగిందని అమ్మకు అప్పుడు అర్థమైంది.

"సరే, నేనే చెప్తాలే."

అమ్మ చేతుల్లో బట్టలు అలాగే ఉన్నాయి. ఆమె అంత తేలిగ్గా కదిలిపోయే మనిషి కాదు. ఏ దుఃఖాన్నైనా ముందు మడతపెట్టి పక్కన పెట్టి, తీరిక చూసుకుని విప్పే రకం. ఇది మడత పడలేదు. తను పిల్లకు ఇచ్చిన గది తన చిన్నప్పటి గది. తలుపు తనది, నిశ్శబ్దం తనది, ఆ కుర్చీలో కూర్చోవాలని కలలుగన్న పిల్ల తను. ఆ కుర్చీలో ఇన్నేళ్లూ ఇంకెవరో కూర్చుని ఉన్నారు. మాట్లాడే మనిషి దొరక్క దేవుణ్ని పట్టుకున్నారు. దాన్ని తను భక్తి అని ఊరంతా చాటింది. ఆమెకు సిగ్గేసింది. తలుపు తట్టింది.

పిల్ల గభాలున పుస్తకం తెరిచింది.

"ప్రార్థన చేసుకుంటున్నావా?"

"లేదమ్మా. ప్రార్థన పొద్దున్నే అయిపోయిందిగా. ఊరికే మాట్లాడుతున్నా."

"నాతో మాట్లాడొచ్చు కదా."

"నువ్వు చెల్లికి చెప్తుంటావు కదా."

"అన్నాలయ్యాక?"

"అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు కదా." తప్పుపట్టడం లేదు, గుర్తుచేస్తోంది అంతే. దాని గొంతులో ఎక్కడా నిష్ఠూరం లేకపోవడమే అమ్మకు భరించరానిదైంది. అరిచినా బాగుండుననిపించింది.

ఆమె బట్టలు మిషను మీద పెట్టి నేలమీద కూర్చుంది. "బడికి వెళ్తావా?" అని అడిగింది. ఇన్నాళ్లూ అడగని ప్రశ్న అదేనని అడిగాక గాని తట్టలేదు.

పెద్దమ్మాయి అమ్మ మొహంలోకి చూసింది. పరీక్షలో పక్కవాడి కాగితంలోకి చూసినట్టు, ఏ జవాబు రాస్తే టిక్కు పడుతుందో వెతికింది. "నీకెలా ఇష్టమైతే అలా" అంది.

"నా ఇష్టం కాదు. నీ ఇష్టం చెప్పు."

"ఒకవేళ వెళ్తే… రోజూ సాయంత్రం వచ్చేస్తాగా?"

"వచ్చేస్తావు."

"అయితే వెళ్తా." చెప్పేసి భయంగా చూసింది.

"నీకు ఇన్ని మాటలొచ్చని, మాట్లాడటం ఇంత ఇష్టమని నాకెందుకే చెప్పలేదు?"

పెద్దమ్మాయి పుస్తకం అంచు గోటితో గీరింది. "చెల్లి నాన్న పార్టీ కదమ్మా. నేనూ అటు వెళ్లిపోతే నీ వైపు ఎవరుంటారు?"

అమ్మ పిల్ల చెయ్యి పట్టుకుంది. వదలకుండానే ముందు గదిలోకి నడిచి, ఫోన్ తీసింది. శుక్రవారం దాకా ఆగలేదు.

పాపను చేరుస్తున్నామని చెబితే హెడ్మిస్ట్రెస్ సంతోషించింది. తర్వాత మామూలుగా అడిగే మాటే అడిగింది. "పాప స్వభావం ఎలాంటిదండీ? నెమ్మదస్తురాలని విన్నాను. ఇంతమంది మధ్య ఇమడగలదా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమె నాలుక చివరే ఉండేది ఎప్పుడూ. ఇవాళ పక్కనున్న పిల్లను ఒకసారి చూసింది.

"నెమ్మదస్తురాలేం కాదండీ. చాలా మాట్లాడుతుంది" అంది. "ఆ విషయంలో నా పోలిక కాదు."

పెద్దమ్మాయి మొహం పాలిపోయింది. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. ఫోన్ పెట్టేసేదాకా అక్కడే గోడకానుకుని నిలబడి, "మరి నువ్వు?" అంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"నేనెక్కడికి పోతానే? నువ్వు మాట్లాడినా నా కూతురివే. వాగినా నా కూతురివే." ఇంత మాట అన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఇంకో మాట కూడా అనాలి, అది ఇంకా కష్టం. "నాకు మాట్లాడటం అంతగా రాదు. వినడం వచ్చు. ఇలా కూర్చో."

బల్ల దగ్గర చిన్నదాని కుర్చీలో పెద్దమ్మాయి కూర్చుంది. మొదట్లో ఆగి ఆగి, అమ్మ మొహం చూసుకుంటూ చెప్పింది. తర్వాత చూడటం మానేసింది. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. అన్నాలయ్యాయి, గిన్నెలు సింకులోనే ఉండిపోయాయి, మౌనంగా ఉండాల్సిన గంట ఎప్పుడో మొదలైంది. అమ్మకు తల పగిలిపోతోంది. లేవలేదు, ఆపమనీ అనలేదు.