మూగబూట్లు

ఆర్డిత్ బూట్లు తిరగేసి చూసుకుంది. అడుగున మందపాటి ఫెల్ట్ గుడ్డ ముక్కలు అంటించి ఉన్నాయి. ట్యాప్ నాట్యంలో బూటు కింది లోహపు రేకు మోగాలి. మోగకపోతే అది నాట్యం కాదు, ఉత్త నడక. ఆ రేకుల్నే జిగురు పూసి గుడ్డతో మూసేశారు.

దర్శకుడు బ్రాడీ ఏమీ దాచలేదు.

"చివరి పాటలో ఎవరిదో అడుగు ఆలస్యంగా పడుతోంది. మీదేనని అందరూ అంటున్నారు. వరుసలో ఉండండి, చప్పుడు మాత్రం వద్దు. కాదంటే టికెట్ల బల్ల దగ్గర మనిషి కావాలి."

అందరూ అంటే మావిస్ అని ఆర్డిత్‌కి తెలుసు. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్లో పాత దాణా గోదాము నాటకశాల అయినప్పటి నుంచీ ఇద్దరూ పక్కపక్కనే ఆడుతున్నారు, ఒకరంటే ఒకరికి గిట్టకుండానే. మంచి వేషం ఒకరికి వస్తే రెండోవారు పలకరింపు మానేస్తారు. మావిస్ కుట్టే దుస్తులు ఆర్డిత్‌కి ఎప్పుడూ ఓ వేలెడు బిగుతే. అయినా పగలంతా స్కూలు బస్సు నడిపి, సాయంత్రం ఆ చెక్కల మీద కాళ్లు మోగిస్తే తప్ప ఆర్డిత్‌కి రోజు గడిచినట్టుండదు. టికెట్ల బల్ల కంటే మూగబూట్లే నయమనుకుని వరుసలో నిలబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

పాట మొదలైంది. అందరి అడుగులూ ఒక్కటై పడ్డాయి. వాటి వెనకే, టక్కున, ఆ ఆలస్యపు అడుగు.

పియానో ఆగింది. బ్రాడీ ఆర్డిత్ వైపు విసుగ్గా చూసి, ఆమె బూట్లు గుర్తొచ్చి చూపు తిప్పుకున్నాడు. క్షమాపణ లాంటిదేమీ ఆయన నోటి నుంచి రాలేదు. రేపటి రిహార్సల్లో ఆ చప్పుడు మళ్లీ వినిపిస్తే పాటే తీసేస్తానని మాత్రం చెప్పాడు.

ఆ అడుగు ఎవరిదో ఆర్డిత్‌కి తెలిసిపోయింది. తన బూట్లు మోగకపోవడం వల్లే పక్కనున్న కాలు స్పష్టంగా వినిపించింది. శరదృతువులో మావిస్‌కి ఆపరేషన్ చేసి ఎడమ మోకాలి కీలు మార్చారు.

దుస్తులు మార్చుకునే గదిలో ఇద్దరే మిగిలారు.

"వెళ్లి చెప్పుకోవే. ఈ రోజు కోసమే కదా కాచుకున్నావు," అంది మావిస్, అద్దంలోంచే చూస్తూ.

ఆర్డిత్ గోళ్లతో ఫెల్ట్ ముక్కలు ఒక్కొక్కటే పీకి మావిస్ ముందు పడేసింది.

"చెప్పను. జాలిపడి కాదులే. నిన్ను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ మంటతోనే నా కాళ్లు ఇన్నేళ్లు ఆడాయి. నువ్వు పోతే బ్రాడీ నా పక్కన ఏ పిల్లనో నిలబెడతాడు, దాని మీద నాకెందుకు కోపం వస్తుంది? జిగురు ఆ డబ్బాలో ఉంది. నువ్వే అంటించుకో."

మావిస్ ఆ ముక్కలు ఏరి ఒళ్లో వేసుకుంది. తర్వాత డబ్బా మూత తిప్పింది.

మర్నాడు రిహార్సల్లో ఆలస్యపు అడుగు వినపడలేదు. బ్రాడీ పాట తీసేయలేదు. మొదటి ప్రదర్శనలో ఆర్డిత్ ఇద్దరి వంతు అడుగులూ తనే మోగించింది. గోదాము పాత చెక్కలు అదిరాయి, మొదటి వరుసలో ఓ ముసలాయన చేతికర్రతో తాళం వేశాడు. తెర పడగానే బ్రాడీ పరుగున వచ్చి, ఇవాళ మీ అడుగు ఎంత తేలిగ్గా పడిందో అని మావిస్ చేతులు పట్టుకున్నాడు. మావిస్ అవునంది. ఆర్డిత్ వైపు చూడనైనా లేదు.

ఆర్డిత్ పళ్లు బిగబట్టి గదిలోకి వెళ్లింది. చెమటకి ఒంటికి అతుక్కుపోయిన గౌను వీపు మీద కొక్కేలు అందక పెనుగులాడుతోంది. వెనక నుంచి చల్లటి వేళ్లు వచ్చి కొక్కేలు విప్పసాగాయి.

"కదలకు. చింపావంటే మళ్లీ కుట్టేది నేనే," అంది మావిస్. అదే గొంతుతో, "రేపటికి ఓ వేలెడు వదులు చేస్తా."