నాన్న గాయాలు

మెకానిక్కు పొద్దున్నే షెడ్డుకి బయల్దేరేలోపే అతని తల్లి తన కట్లు మార్చుకునేది. కొడుకు తప్పు చేసినప్పుడల్లా గాయం ఆవిడ ఒంటిమీద లేచేది. వాడి చిన్నప్పటి నుంచీ అంతే. అబద్ధమాడితే గీత, మోసం చేస్తే కోత. ఇంట్లో ఎవరికీ అదొక వింత కాదు. కోడలు వేణ్ణీళ్లు, దూది అందించి మళ్లీ వంటపనిలో పడేది. అతనికి మాత్రం ముల్లు గుచ్చుకున్నంత నొప్పి కూడా ఏనాడూ తెలియదు.

ఒకసారి అతను పాత బ్రేకులకి రంగు పూసి కొత్తవని ఓ వ్యానుకి బిగించాడు. ఆ వ్యాను వంతెన మీంచి నీళ్లలో పడి, ఓ తల్లీ ఇద్దరు పిల్లలూ పోయారు. ఆ సాయంత్రం ముసలావిడ డొక్కలో గాయం తెరుచుకుంది. ఇక మూసుకోలేదు.

"ఆయన తప్పు ఆయనకే వదిలెయ్యండి అత్తయ్యా," అని కోడలు బతిమాలింది.

"నా చేతుల్లో ఉంటే కదమ్మా. వాడిమీద ప్రేమ చావాలి. చావట్లేదు," అంది ఆవిడ. తెల్లారేసరికి కన్నుమూసింది.

అందరి పాపాలకీ ఒకడు ముందే రక్తం చిందించాడని, ఆ రక్తం విలువ ఎరిగినవాడు మళ్లీ పాపం జోలికి పోడని సమాధి దగ్గర పాస్టరుగారు చెప్పారు. మెకానిక్కు మొదటి సగమే చెవిన వేసుకున్నాడు. వారం తిరక్కుండానే మళ్లీ రంగుడబ్బా తీశాడు.

ఆ రోజు అతని కూతురు బడి నుంచి వస్తూ అరచెయ్యి గౌను వెనక దాచుకుంది. తల్లి ఆ వేళ్లు విప్పి చూస్తే లేత చర్మం నిలువునా చీలి ఉంది.

"నాన్నకి చెప్పకమ్మా, బాధపడతాడు," అంది పిల్ల.

ఆమె చెప్పింది. అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, పిల్లని ఒళ్లో కూచోబెట్టుకున్నాడు, బొమ్మ తెచ్చిచ్చాడు. చిన్నపిల్ల, త్వరగానే మానిపోతుందిలే అని మర్నాడు ఎప్పట్లాగే పనికి పోయాడు.

అప్పుడు, ప్రేమ చావాలన్న అత్తగారి మాట గుర్తొచ్చి ఆమె గుండె రాయి చేసుకుంది. రోజూ పిల్లని ఎదురుగా కూచోబెట్టుకుని నాన్న చేసినవన్నీ చెప్పింది. నీళ్లలో పోయిన పిల్లలు ఎలా గిలగిల్లాడారో, చిన్నది ఎవరిని పట్టుకుని ఉందో చెప్పింది. పిల్ల చెవులు మూసుకుంటే ఆ చేతులు లాగేసి మరీ చెప్పింది. పిల్ల కొన్నాళ్లు నిద్రలో నాన్నా నాన్నా అని ఏడ్చింది. తర్వాత నాన్న బండి చప్పుడుకి గుమ్మంలోకి పరిగెత్తడం మానేసింది. కోతలు గీతలయ్యాయి. గీతలు ఎర్రటి మచ్చలయ్యాయి.

ఒక మధ్యాహ్నం షెడ్డులో రంగు పూసిన బ్రేకులు బిగిస్తుంటే మెకానిక్కు చేతిలోంచి పానా జారిపోయింది. అరచెయ్యి దానంతటదే ఎముక దాకా తెరుచుకుంది. అంత వయసొచ్చాక మొదటిసారి తెలిసిన నొప్పి. ఎలా ఓర్చుకోవాలో తెలియక, చచ్చిపోయిన తల్లిని కేకలేస్తూ ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. కూతురు హోంవర్కు చేసుకుంటోంది.

"చూడు తల్లీ, ఎంత నొప్పిగా ఉందో," అన్నాడు.

పిల్ల పక్కింటివాళ్ల చెయ్యి చూసినట్టు చూసింది.

"కుళాయి దగ్గర కడుక్కో," అని పేజీ తిప్పింది.

తల్లి పిల్ల చేతులకేసి చూసింది. ఎక్కడా మచ్చయినా లేదు. ఇన్నాళ్లూ ఆమె కోరుకున్నది అదే. దగ్గరికెళ్లి తలమీద చెయ్యి వెయ్యబోయింది.

పిల్ల తల పక్కకి తీసుకుంది.