ఆదివారం కచేరి

కళింగపట్నం బస్సులోంచి ఆఖరి మనిషి దిగేదాకా చూసి జ్ఞానానందం మళ్ళీ సైకిలెక్కాడు. పొద్దున్నించి ఇది మూడో బస్సు. మేకలు దిగాయి, చేపల గంపలు దిగాయి, గున్నమ్మ మాత్రం దిగలేదు.

శ్రీకాకుళం మునసబు కోర్టులో ప్లీడరు గుమాస్తాగా ముప్ఫయ్యేళ్ళు అరిగిన మనిషి. పొట్టివాడు. చొక్కా జేబు మీద ఎన్ని ఉతుకులకీ పోని సిరా మచ్చ, ఒక కాడ దారంతో కట్టిన కళ్ళజోడు. వారమంతా ప్లీడరుగారి పని. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం చర్చి వరండాలో రేకుపెట్టె తెరిచి, పేద ముసలివాళ్ళకి ఊరికే అర్జీలు రాసిపెట్టేవాడు. తోటి గుమాస్తాలు దానికి 'ముసలి కచేరి' అని పేరు పెట్టి నవ్వుకునేవారు. ఎవరైనా నాలుగు అరటిపళ్ళు వదిలి వెళితే వీధి చివరిదాకా వెంటపడి తిరిగిచ్చేవాడు. ఆ చాదస్తం చూస్తే భార్య దేవమణికి ఒళ్ళు మండేది.

మూడేళ్ళ కిందట ఇదే రోజున, పింఛను కాగితమని చెప్పి గున్నమ్మ చేత బావగారి కొడుకు వేలిముద్ర వేయించుకున్నాడు. తీరా చూస్తే అది ఆమె గుడిసె, చుట్టూ ఉన్న జీడితోట అమ్మేసినట్టు దస్తావేజు. సంగతి ఆ రోజే తెలిసినా, పాపం, న్యాయం చెయ్యమని ఊరి పెద్దల చుట్టూ మూడేళ్ళు తిరిగింది. దావాకి ఉన్న మూడేళ్ళ గడువు ఈ సాయంత్రంతో సరి. కోర్టు రుసుము కట్టలేనివాళ్ళు వేసే పాపర్ దావా కనక మనిషే స్వయంగా వచ్చి కాగితం జడ్జిగారికివ్వాలి. కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. ఆమే లేదు.

మధ్యాహ్నం జ్ఞానానందం అన్నానికి పోలేదు. కోర్టు వరండాలో కూర్చుంటే కూర్చోలేడు, లేస్తే నిలవలేడు. ఎడమచెయ్యి లాగుతోంది. బంట్రోతు అప్పలసూరికి చూసి చూసి విసుగొచ్చింది.

"ఆ ముసిల్ది రాపోతే నీకేటి? నీ ఇల్లేటి పోతందా?"

"దాని ఇల్లు పోతాది. సోమారం పొద్దున్నే వచ్చీమని సెప్పినోణ్ణి నానే కదా."

ఆ మాట అని ఆగిపోయాడు. రమ్మన్నాడు సరే, ఎక్కడికని చెప్పాడా? గున్నమ్మ ఏనాడూ కోర్టు మెట్లెక్కలేదు. ఆమె ఎరిగిన కచేరి ఒకటే ఉంది.

నాలుగుంపావుకి చర్చి వరండాలో, అతను ఎప్పుడూ కూర్చునే బల్ల పక్కన, గోడకి జేరబడి కనిపించింది. అతను బస్సుల దగ్గరికి రాకముందే, తెల్లారగట్ల తొలి బస్సుకే వచ్చి కూర్చుందట. ఒళ్ళో ఆకులో చుట్టి దారం కట్టిన పొట్లం ఉంది.

"ఒచ్చినావా బాబూ? ఇంత ఆలిస్యమేటి? కోరుటు తలుపులే తియ్యనేదు," అంది నింపాదిగా.

జ్ఞానానందానికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"ఇది కోర్టు కాదప్పా! లే, లే!"

రిక్షా దొరకలేదు. ఆమెని సైకిలు వెనక కూర్చోబెట్టి, తోసుకుంటూ పరుగు మొదలుపెట్టాడు. ఏప్రిల్ ఎండ ఇంకా దిగలేదు.

"పడిపోతాను బాబూ, మెల్లగా!"

"నా సొక్కా పట్టుకో. మాటాడకు."

ఆమె వెనకనుంచి ముందుకి ఒంగి, చెయ్యి చాపి పొట్లం హేండిలుకి తగిలించింది.

"ఎండుసేపలు, నెత్తళ్ళు. నా సేత్తో ఎండబెట్టినాను. వొద్దనకు."

"తర్వాత సూద్దాం," అన్నాడు రొప్పుతూ. వద్దనడానికి ఊపిరి లేదు.

ఐదుకి పది నిమిషాలుండగా అప్పలసూరి ఆమె పేరు పిలిచాడు. ప్లీడరుగారు అప్పటికే లోపల ఉన్నారు. గుమ్మం దగ్గర జ్ఞానానందం కాగితాలు ఆమె చేతిలో పెట్టాడు.

"బయపడకు. అడిగిందానికి ఉన్నదున్నట్టు సెప్పు."

జడ్జిగారు రెండు ప్రశ్నలడిగి, కాగితం తీసుకుని, ఆనాటి తేదీ వేసి సంతకం చేశారు. గున్నమ్మ బయటికొచ్చేసరికి జ్ఞానానందం బెంచీ మీద స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"తీసీసుకున్నారు బాబూ."

పలకలేదు. పాపం, అలిసిపోయాడనుకుంది. కింద కూర్చుని కొంగుతో అతనికి విసరసాగింది. తలుపులు వెయ్యడానికి వచ్చిన అప్పలసూరి అతని భుజం కదిపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేసేదాకా విసురుతూనే ఉంది.

దేవమణి వచ్చింది, చర్చి పెద్దలు వచ్చారు, ఒంటెద్దు బండిలో ఇంటికి తీసుకుపోయారు. సైకిలు సంగతి ఎవరికీ గుర్తులేదు. కోర్టు గోడవార నిలబడ్డ దాని హేండిలుకి, అతను తిరిగివ్వని ఒకే ఒక్క పొట్లం వేలాడుతోంది.