కరగాల్సిన గడ్డ

ఐసు ఫ్యాక్టరీ బండి నడిపే ఆయన్ని అందరూ గడ్డలాయన అనేవారు. మాట తక్కువ మనిషి. పలకరిస్తే తల ఊపుతాడు, మరీ వదలకపోతే "ఊ" అంటాడు, అక్కడితో సరి.

ఆయనకు వచ్చిన విద్య ఒక్కటే, ఐసు కరగకుండా చేర్చడం. తడి గోనె కప్పి, అంచులు లోపలికి దోపి, చంటిపిల్లకు దుప్పటి సర్దినట్టు సర్దేవాడు. కొండ మీది చేపల మార్కెట్టులో ఆయన దించిన గడ్డలకు మూలలు కూడా అరిగేవి కావు.

చిక్కల్లా బండితోనే వచ్చింది. పొద్దున చల్లటి పూట నిండు లోడుతో కొండెక్కేసేది. ఎండ ముదిరాక మాత్రం కొళాయి మలుపు దగ్గర ఊపిరాడనట్టు గురకపెట్టి ఆగిపోయేది. సగం గడ్డలు రోడ్డు పక్కన దించి, మిగతావి పైకి చేర్చి, మళ్ళీ దిగి రావాలి. ఈలోపు దించినవి గోనెల కింద నుంచి కారిపోతూ ఉండేవి.

ఓనరు ఓపిక పట్టాడు, పట్టాడు, ఒకరోజు తెగేసి చెప్పాడు.

"ఎల్లుండి మధ్యాహ్నం నేనూ ఎక్కుతా నీ బండి. నిండు లోడుతో ఆగకుండా పైకి చేరిందా, సరే. ఆగిందా, అటునుంచి అటే పాత ఇనుముకు. కొండకి కొత్త లారీ, కొత్త డ్రైవరు. నువ్వు ఫ్యాక్టరీలో గడ్డలు మోసుకుందువు గాని."

గడ్డలాయన "ఊ" అన్నాడు. ఇంటికొచ్చి కంచం ముందు నుంచి సగంలో లేచిపోయాడు. భార్య చూసింది, అడిగి లాభం లేదని ఊరుకుంది. పక్క వీధిలో మెకానిక్ షెడ్డు పెట్టుకున్న తమ్ముడికి కబురంపింది.

"ఏం బావా, జబ్బు బండికా, నీకా?" అంటూ దిగాడు బావమరిది.

"పొద్దున ఎక్కుతుంది. మధ్యాహ్నం ఎక్కదు."

"అచ్చం నీలాగే. భోంచేశాక కదలదన్నమాట."

అక్క నవ్వింది. బావ నవ్వలేదు.

ఆ బండికి ఇంజను రెండు సీట్ల మధ్యలో ఉంటుంది. బావమరిది మూత తీసి, ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు.

"ఇదీ సంగతి. వేడి ఇంజను పక్కనే కూర్చుని వేడిగాలి పీలుస్తోంది. వేడెక్కిన గాలి పలచబడిపోతుంది బావా, ఎంత పీల్చినా దీని కడుపు నిండదు. చల్లగాలైతే చిక్కగా ఉంటుంది. అదే గుక్కలో ఎక్కువ పోతుంది, పెట్రోలు గట్టిగా మండుతుంది. పొద్దున లాగేది అందుకే."

"అయితే?"

"అయితే ఏముంది? వెనకాల అంత ఐసు మోయిస్తూ ముందు నుంచి సెగ తాగిస్తున్నావు. ఒక్క గడ్డ దానికి పెట్టరాదూ!"

మర్నాడు మధ్యాహ్నానికి రేకు తొట్టి ఒకటి తయారైంది. కిటికీ వైపు కన్నాలు, ఇంజను వైపు గొట్టం. గాలి కన్నాల్లోంచి దూరి, ఐసును ఒరుసుకుంటూ పోయి ఇంజనులో పడాలి. పక్క సీటు ముందు తొట్టిని బిగించారు. ఐసు సర్దడం నా పని అన్నట్టు గడ్డలాయన బావమరిదిని పక్కకు జరిపి, తానే సర్ది మూత వేశాడు.

నిండు లోడుతో బయలుదేరారు. కొళాయి మలుపు ఇంకా రానే లేదు, బండి దగ్గి, వణికి, ప్రాణం పోయినట్టు ఆగిపోయింది. కొళాయి దగ్గర బిందెలతో నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు పైనుంచి తొంగిచూశారు.

"ఏమయ్యోయ్, రోజూ ఇక్కడిదాకా అన్నా వచ్చేవాడివి! బావమరిది చెయ్యి పడిందా ఏం?"

బావమరిది ముఖం ఎర్రబడింది. విసురుగా తొట్టి మూత తీశాడు. లోపల గడ్డ తడి గోనెలో ఒద్దికగా పడుకుని ఉంది. దోపిన అంచు ఒకటి ఊడి, గాలి లాగిన లాగుడుకి గొట్టం మూతికి అట్టలా అతుక్కుపోయింది.

"గోనె కప్పావా?"

"కప్పకపోతే కరిగిపోదూ?" అని గడ్డలాయన గోనె తొలగించి చూపించాడు. "చూడు, మూల కూడా అరగలేదు."

బావమరిది నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. తర్వాత కోపం పోయి నవ్వొచ్చేసింది.

"కరగాలి బావా! అది కరిగితేనే గాలి చల్లబడేది. నువ్వేమో దాని చలిని దానికే దాచిపెట్టి, బండి ముక్కు మూశావు. రేపు గోనె వద్దు. గడ్డని ముక్కలు కొట్టి మరీ పెట్టు, ఇంకా తొందరగా కరుగుతుంది."

ఆ సాయంత్రం గడ్డలాయన గడపలో కూర్చున్నాడు.

"కరగనివ్వాలంట," అన్నాడు.

"ఒక్క గడ్డే కదండీ," అంది భార్య. "మిగతావన్నీ కప్పుకోండి, ఎవరొద్దన్నారు?"

మర్నాడు మధ్యాహ్నం గడ్డని తన చేత్తోనే పగలగొట్టాడు. పెంచినదాన్ని కొట్టినట్టనిపించింది. ముక్కలు తొట్టిలో పోశాక చెయ్యి దానంతటదే గోనె మీదికి పోయింది. ఆ గోనెను మడిచి, సీటు మీద వేసుకుని, దానిమీద కూర్చున్నాడు.

ఓనరు ఎక్కి, కాళ్ళ దగ్గర తొట్టిని చూసి ముఖం చిట్లించాడు.

"ఇదేంటయ్యా?"

"ఐసు సార్. బండికి."

ఓనరు ఆయన్ని ఎగాదిగా చూసి, తొట్టి పక్కన కాళ్ళు ఇరికించుకున్నాడు.

ఎత్తు మొదలైంది. ఇంజను గొంతు మారడం గడ్డలాయన అరికాలికి ముందు తెలిసింది. గురక లేదు, నిండుగా, బరువుగా మోగుతోంది. తొట్టిలో ముక్కలు కుంగుతూ ఒకదానిమీద ఒకటి జారుతున్న చప్పుడు మాత్రం ఆయనకు ఇంజను కంటే గట్టిగా వినిపిస్తోంది. అటు చూడకుండా రోడ్డే చూశాడు. కొళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి నిలబడ్డారు. బండి నెమ్మదించింది. ఇంకా నెమ్మదించింది. ఆగలేదు. మలుపు తిరిగింది.

పైన చేపల పెద్దమ్మ గడ్డలు దింపించుకుంటూ లెక్క చూసుకుంది.

"ఇవాళ అన్నీ ఒక్కసారే తెచ్చావే! ఒకటి తగ్గిందేం?"

"బండి తాగింది," అన్నాడు గడ్డలాయన.

ఓనరు దిగి, ఒక కాలు ఎత్తి ప్యాంటు అంచు పిండుకున్నాడు.

"తొట్టిలో నీళ్ళు తొణికి చెప్పులు నానిపోయాయి కదయ్యా! రేపు ఆ తొట్టి అడుగున చిన్న గొట్టం పెట్టించు, నీళ్ళు బయటికి పోయేలా. ఆమాత్రం తట్టలేదా మీ బావమరిదికి?"

రేపు అన్నాడు. పాత ఇనుము మాట ఎత్తలేదు.

గడ్డలాయన "ఊ" అన్నాడు. ఓనరు అటు వెళ్ళాక తొట్టి మూత తీశాడు. అడుగున నీళ్ళు, నీళ్ళలో గోరంత ముక్కలు తేలుతున్నాయి. కాసేపు చూసి, దోసిట పట్టి ముఖం కడుక్కున్నాడు.