మూడో పిలుపు

రోములో క్రైస్తవుల మతగురువు పోపు ఒళ్లు చల్లబడింది. ఆయన ఉంచుకున్న దొరసాని ఎర్సీలియా తెర వెనక నిలబడి ఉంది.

"అమ్మగారూ, ఆయన పోయాడన్న మాట బయటికొస్తే జనం మీ మేడ తలుపులు విరగ్గొడతారు. మీ పట్టుపరుపు కోసం మేడలో పనివాళ్లు అప్పుడే జుట్టూజుట్టూ పట్టుకుంటున్నారు," అని దాసి బీచే గొణిగింది.

పుట్టుపేరుతో మూడుసార్లు పిలిచినా పలక్కపోతేనే పోపు చనిపోయినట్టు లెక్క. మతపెద్దల్లో పెద్దవాడైన కార్డినల్ శవం మీదికి వంగి, "గస్పారే!" అని రెండుసార్లు పిలిచాడు. మూడోసారి పిలవగానే, "ఉన్నాను," అని పోపు గొంతే బొంగురుగా పలికింది.

మంచం చుట్టూ ఉన్నవాళ్లందరూ మోకాళ్ల మీద పడ్డారు. పలికింది తన నోరేనని ఎర్సీలియాకు తెలిసింది. తను పలకాలనుకోలేదు; అయినా మేడ దక్కిందనుకుంది.

"ఏం చెయ్యమంటారు స్వామీ?" అన్నాడు కార్డినల్.

మేడ జోలికి ఎవరూ పోవద్దని చెప్పడానికే ఆమె నోరు తెరిచింది.

"తెర వెనక ఎర్సీలియా ఉంది. నాతోపాటు శవపెట్టెలో పెట్టండి," అంది ఆ గొంతు.