ఎగువ వాన

గరాటు మూతికి అడ్డంపడ్డ లేత చిగుళ్ళను ఆవిడ ఒక్కొక్కటే వేలితో ఏరి అవతల పారేసింది. చెట్లు కొత్త ఆకు తొడిగే రోజుల్లో ఇదొక తలనొప్పి. పెరట్లో ఇంకెక్కడా చోటు లేనట్టు గాలికి రాలినవన్నీ వచ్చి ఆ గరాటులోనే పడతాయి.

"నేనే దొరికానా మీకు?" అని వాటిని కసిరి, గరాటు ఎత్తి పక్కన పెట్టింది.

నేలలో సగందాకా పాతిన డబ్బా. డబ్బాలో ఒక సీసా. రాత్రంతా వాన ఏకధాటిగా కురిసింది కాబట్టి సీసా అంచులదాకా నిండి ఉంది. సీసాలో వంద మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది నిండితే మిగిలిన నీళ్ళు పొర్లి, చుట్టూ ఉన్న డబ్బాలో చేరతాయి. ముందు సీసా కొలవాలి, తర్వాత డబ్బా కొలవాలి, రెండూ కలిపి చెప్పాలి. ఇంతే పని. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి మొహమాటపడేంత చిన్న పని. జుట్టు నెరిసేదాకా ఆవిడ చేసింది ఇదే.

ఆవిడ చేతులు చిన్నప్పటినుంచీ వణుకుతాయి. అందుకని కొలత గ్లాసును చేత్తో పట్టుకోదు. పెరట్లో ఒక చదునైన రాతిపలక వేయించుకుంది. గ్లాసు దానిమీద పెట్టి, మోకాళ్ళమీద కూర్చుని, కళ్ళు నీటిమట్టానికి సమంగా తెచ్చి, ఊపిరి బిగబట్టి పోస్తుంది. గ్లాసు వరదల ఆఫీసువాళ్ళు ఇచ్చిన ప్లాస్టిక్‌ది. నాన్న వాడిన గాజు గ్లాసు చెల్లెలి దగ్గరుంది. అది గుర్తురాకుండా ఆవిడ ఏ రోజూ ఈ ప్లాస్టిక్ గ్లాసు చేతిలోకి తీసుకోలేదు.

సీసాలో వంద. డబ్బాలో పన్నెండు. మొత్తం నూట పన్నెండు.

మోకాళ్ళు తుడుచుకుని లేస్తూ ఆవిడ నది ఎగువ వైపు చూసింది. కొండలమీద మబ్బు నల్లగా దుప్పటి కప్పినట్టుంది. అంటే అక్కడ ఇంకా ఎక్కువే పడి ఉంటుంది. ఎప్పుడైనా అంతేగా.

వరదల ఆఫీసులో ఆవిడ పేరు ఎవరికీ తెలియదు. దిగువ స్టేషన్‌లో కొలుస్తుంది కాబట్టి 'దిగువ' అంటారు. కొండల మొదట్లో, బస్సులో గంటకుపైగా ప్రయాణం, అక్కడ ఇదే పని చేసే చెల్లెలు 'ఎగువ'. తనకంటే నాలుగేళ్ళు చిన్నది ఎగువ అయింది, పెద్దది దిగువ అయింది. గొడుగులు బాగుచేసే భర్త దీనిమీద ఒక హాస్యం కనిపెట్టి, పెళ్ళయినప్పటినుంచీ అదే వాడుతున్నాడు: "నన్నేమీ అడక్కండి, నేను దిగువకి ఇంకా దిగువ."

రెండు స్టేషన్లూ ఒకప్పుడు నాన్న చూసేవాడు. పిల్లలిద్దరికీ పని నేర్పింది ఆయనే. గ్లాసు మాత్రం చిన్నదాని చేతిలో పెట్టాడు. "దీని చెయ్యి వణకదు," అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ మాట చాలింది. ఆయన పోయిన రోజున పెద్దది పెరట్లో వాన కొలుస్తోంది. చిన్నది ఆయన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కొలత ముగించి లోపలికి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆఖరి మాట కూడా దానికే దక్కింది. ఏమన్నాడే అని ఆవిడ ఇప్పటిదాకా అడగలేదు. అడిగితే దాని దగ్గర ఉన్నది తన దగ్గర లేదని ఒప్పుకున్నట్టవుతుంది.

ఫోను మోగింది. ఇది నాన్న పెట్టిన పద్ధతి. ఎగువనుంచి ముందు దిగువకి చెప్పాలి, ఆఫీసుకి ఆ తర్వాత. నీళ్ళు ముందుగా వచ్చి మీదపడేది దిగువమీద కదా.

"అక్కా..." చెల్లెలి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఊఁ, చెప్పు."

"సీసా వంద. డబ్బా ఇంకా..." దగ్గు వచ్చింది. ఆగకుండా వచ్చింది.

దగ్గు ఆగేదాకా అక్క ఆగలేదు. వంద అన్న మాట చెవిన పడగానే ఆవిడ ఒంట్లో ఏదో గంతేసింది.

"వందేనా? నాకు నూట పన్నెండు!"

అవతల ఊపిరి పీల్చుకున్న చప్పుడు. "అవునా? మంచిదేగా అక్కా," అంది చెల్లెలు. "ఒకసారి రాగలవా? రాత్రినుంచీ ఛాతీ పట్టేసినట్టుంది. బరువు ఎత్తలేకపోతున్నా..."

"ఇప్పుడెక్కడ వస్తానే? నీకే గానీ నాకు డ్యూటీ లేదా? వేడినీళ్ళు తాగి పడుకో. ఆఫీసుకి ఇద్దరివీ నేనే చెప్తాలే."

"సరే అక్కా."

ఆ 'సరే అక్కా' అంటేనే ఆవిడకి ఒళ్ళుమంట. గొడవకి దిగదు, మాటకి మాట అనదు. చుట్టుపక్కలవాళ్ళంతా 'ఎంత నెమ్మదస్తురాలో' అని మురిసిపోయేది దాన్ని చూసే. ఛాతీ పట్టేసిందట. ఓడిపోయిన రోజున ఎవరికైనా పట్టేస్తుంది.

ఆఫీసులో ఫోను తీసే ఆపరేటరు ముక్కుతో మాట్లాడే మనిషి. ఎప్పుడూ జలుబే. ఆవిడ ముందు తనది చెప్పింది, తర్వాత చెల్లెలిది.

"అబ్బో! దిగువమ్మా, ఇవాళ ఫస్టు మీరే!" అన్నాడు.

"ఏదో లెండి," అంది ఆవిడ, చెవి ఫోనుకి ఇంకా గట్టిగా ఆనించి. ఇంకో మాట అంటాడేమో.

"ఎగువ వందే అయితే నది గట్టు దాటదు. హెచ్చరిక ఇవ్వక్కర్లేదులే. బతికించారు. లేకపోతే లోతట్టు వీధి మొత్తం ఖాళీ చేయించాల్సి వచ్చేది, వాళ్ళ తిట్లు నేను తినాల్సి వచ్చేది."

ఆవిడ చెప్పులు వేసుకుని వీధిలోకి బయల్దేరింది. రోజూ పోదు. ఇవాళ వెళ్ళాలనిపించింది. బయట మెట్టుమీద భర్త ఒక గొడుగు ఒళ్ళో వేసుకుని చువ్వకి తీగ చుడుతున్నాడు.

"ఏంటి, నడక మారింది?" అన్నాడు.

"నూట పన్నెండు. అది వందే."

"ఓహో. అయితే వాన కూడా నీ పక్షం తిరిగిందన్నమాట. నన్నొక్కణ్ణే వదిలేశావు, నేనెప్పుడు తిరుగుతానో!"

లోతట్టు వీధి నదిగట్టు కిందే ఉంటుంది. ఆ వీధి మొదట్లో ఇస్త్రీ చేసే మనిషి బల్ల. బల్ల కింద, గోడ పొడుగునా, అందరి బట్టల మూటలూ ఉన్నాయి. ఆవిడ్ని చూడగానే ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి కేకేసింది.

"ఎగువమ్మ ఏమందమ్మా?"

ఇన్నేళ్ళూ ఇదే ప్రశ్న. ఈ ఊళ్ళో ఉంటున్నది తను. వీళ్ళతో మంచీచెడూ మాట్లాడేది తను. వీళ్ళు ఒక్కసారి కూడా కంటితో చూడని మనిషి మాట వీళ్ళకి కావాలి.

"అది అనేదేముంది? వాన నా దగ్గరే ఎక్కువ పడింది."

"అయితే మేం మూటలు పైకెత్తక్కర్లేదా?"

"అక్కర్లేదు. నిశ్చింతగా ఇస్త్రీ చేసుకో."

"మీ నోటి చలవ! ఈ మూటలు మోసి మోసి నా నడుం విరిగిందంటే నమ్మండి."

నవ్వుతూ ఆ వీధి చివరిదాకా నడిచి, కనబడిన ప్రతివాళ్ళకీ అదే చెప్పి, ఆవిడ ఇంటికొచ్చింది.

మధ్యాహ్నం సీసా కడగడానికి కూర్చుంది. ఏ రోజూ కడగకుండా వదలదు. అడుగున పాచి పడితే కొలత తేడా వస్తుంది. కొళాయి కింద పెట్టింది. నీళ్ళు మెడదాకా వచ్చాయి, అంచుదాకా వచ్చాయి, అంచు దాటి వేళ్ళమీదుగా కారాయి. ఆవిడ కొళాయి కట్టేయలేదు. కారుతున్న నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

నిండు సీసా. వంద.

వాన ఎప్పుడూ లెక్క సరిపెట్టినట్టు పడదని నాన్న అనేవాడు. సీసా నిండుగా దొరికితే ఆగిపోకండి, డబ్బాలో చూడండి, అని పిల్లలిద్దరి చేతా ఎన్నిసార్లు డబ్బా వంచి చూపించాడో. డబ్బా ఇంకా... అంది చెల్లెలు. డబ్బా ఇంకా కొలవలేదు, అనబోయింది. బరువు ఎత్తలేకపోతున్నా, అంది. నిండు డబ్బా నేలలోంచి పైకి లాగాలంటే ఒంట్లో సత్తువ ఉండాలి. అది సాయం అడిగింది. తను దాన్ని ఓడించానని సంబరపడింది.

పరుగున వచ్చి ఫోను చేసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారీ ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు ఆఫీసుకి చేసింది. ఆపరేటరు హలో అన్నాడు. 'మా చెల్లెలు తప్పు చెప్పింది' అంటే సరిపోతుంది. నాలుకమీదికి వచ్చి కూర్చుంది ఆ మాట. ఎగువమ్మ తప్పు చెప్పిందట అని లోతట్టు వీధి అంతా అనుకోవాలని ఆవిడ ఎన్నేళ్ళుగా కోరుకుంటోందో.

"ఎగువ లెక్క పూర్తి కాలేదండీ," అంది చివరికి. "అది సీసా ఒక్కటే. డబ్బా కొలవలేదు. తను చెప్పబోతే నేను వినిపించుకోలేదు. తప్పు నాది."

అవతల జలుబు మనిషి ముక్కు ఎగబీల్చడం కూడా మానేశాడు. "డబ్బాలో ఎంతుందమ్మా?"

"తెలీదు. నిండే ఉంటుంది. ముందు ఆ వీధి ఖాళీ చేయించండి. ఎగువ నీళ్ళు సాయంత్రానికి ఇక్కడుంటాయి. నేను వెళ్ళి కొలిపించి, తనచేతే చెప్పిస్తాను."

భర్త లేచి నిలబడ్డాడు. ఈసారి హాస్యమాడలేదు. బాగుచేసిన గొడుగు ఆవిడ చేతిలో పెట్టి, "మూటలు నేను ఎత్తిస్తా. నువ్వు వెళ్ళు," అన్నాడు.

బస్సు నది పక్కనుంచే పోతుంది. నీళ్ళు ఎర్రగా, వేళ్ళతో సహా పెకలించుకొచ్చిన చెట్లను మోసుకుంటూ కిందికి పోతున్నాయి. పైకి పోతున్నది తనొక్కతే అనిపించింది. కిటికీ అద్దానికి తల ఆనించి ఆవిడ చెల్లెల్ని మనసులోనే తిట్టింది. గట్టిగా చెప్పొచ్చుగా? దగ్గు తగ్గాక మళ్ళీ చేయొచ్చుగా? 'సరే అక్కా' ఏంటి, సరే అక్కా? తిడుతున్నంతసేపూ ధైర్యంగా ఉంది. అందుకే దిగేదాకా తిడుతూనే ఉంది.

చెల్లెలి ఇంటి తలుపు తీసే ఉంది. పెరటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, వానకోటు తొడుక్కుని, గోడకి తల ఆనించి కూర్చుంది చెల్లెలు. కోటు చేతులమీది తడి ఎప్పుడో ఆరిపోయింది. కళ్ళు సగం మూసుకుని, ఇప్పుడే లేస్తాను అన్నట్టుంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆ చెయ్యి ఇప్పుడూ వణకడం లేదు.

అక్క ఏడవలేదు. ఏడవడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. పక్కన కిటికీ గట్టుమీద నాన్న గ్లాసు కనబడింది. అది తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

డబ్బా ఎత్తడానికి రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి పొట్టకి ఆనించుకుని లాగింది. నీళ్ళు తొణికి కాళ్ళమీద పడబోతే ఒడుపుగా కూర్చుంది. గ్లాసు మెట్టుమీద పెట్టి, కళ్ళు నీటిమట్టానికి తెచ్చింది. గీతలు కనబడలేదు.

గ్లాసు చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టింది. నాన్న నాటి గీతలు ఒక్కటీ లేవు. తోమి తోమి ఎప్పుడో చెరిగిపోయాయి. వాటి స్థానంలో గోళ్ళరంగుతో గీసిన సన్నని ఎర్రగీతలున్నాయి. పాత గీతలమీద కొత్తవి, వాటిమీద ఇంకా కొత్తవి. చెరిగిన ప్రతిసారీ మళ్ళీ గీసుకున్నట్టుంది. ఇన్నేళ్ళూ తను కుళ్ళుకున్న గ్లాసులో నాన్నది ఏమీ మిగల్లేదు. ఉన్నదంతా దీని చేతి గీతే. చెప్పలేదు, ఎప్పుడూ. తను ఎప్పుడైనా ఆ గ్లాసు ముట్టుకుంటే కదా చెప్పేది.

ఆవిడ నెమ్మదిగా పోసి కొలిచింది. తొంభై ఆరు. సీసాలో వంద, డబ్బాలో తొంభై ఆరు.

లోపలికొచ్చి, చెల్లెలి పక్కనే నిలబడి ఫోను చేసింది.

"ఎగువ స్టేషన్. నూట తొంభై ఆరు."

"ఎగువమ్మా, మీరేనా? గొంతు మారింది."

"రాసుకోండి."

"రాసుకున్నానమ్మా. వీధి మొత్తం ఖాళీ చేయించాం. నీళ్ళు అప్పుడే ఇస్త్రీ బల్ల ఎక్కాయట. మనుషులంతా బడి మేడమీదున్నారు. ఇంకొంచెం ఆలస్యమైతే..." ముక్కు ఎగబీల్చాడు. "అన్ని స్టేషన్లకన్నా ఎక్కువ మీదే ఇవాళ."

ఆవిడ ఫోను పెట్టేసి చెల్లెలి పక్కన నేలమీద కూర్చుంది. కోటు గుండీ ఒకటి ఊడి ఉంటే పెట్టింది.

"విన్నావా?" అంది. "నీదే ఎక్కువట. నాన్న దగ్గరా నువ్వే ముందు. ఇప్పుడు పోవడంలోనూ నువ్వే ముందు. ఒక్కదాన్లో, ఒక్కదాన్లో అయినా పెద్దదాన్ని వెళ్ళనివ్వొచ్చుగా?"

జవాబు వస్తుందేమోనని ఆగింది. పొద్దున ఆగి ఉండాల్సినంతసేపు ఆగింది. 'సరే అక్కా' అంటే చాలు, ఈసారి ఒళ్ళు మండదు.

బయట మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. ఆవిడ లేచి, పెరట్లో డబ్బా దాని గుంటలో దించి, సీసా అందులో పెట్టి, చిగురాకు తీసేసి గరాటు పైన బిగించింది. లోపలికొచ్చి పక్కింటివాళ్ళని పిలవడానికి వెళ్ళేముందు, గ్లాసు తుడిచి, అది ఎక్కడుండేదో అక్కడే పెట్టింది.

కిటికీ గట్టుమీద గ్లాసు బోర్లించి ఉంది. గోళ్ళరంగు ఎర్రగీతలు తలకిందులయ్యాయి. లోపల మిగిలిన ఒక చుక్క గాజు వెంట నెమ్మదిగా ఒక్కో గీతనూ దాటి కిందికి జారుతోంది.